చీటీ తీస్తే జూదమేనా?

పోయిన నెల పెరంబూర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో చీటీ తీస్తున్నారు. 20 మంది, మనిషికి నెలకి 5,000, పాట గీట ఏం లేదు, డబ్బాలో పేర్లేసి తియ్యడమే, ఎవరి పేరొస్తే ఆ నెల లక్ష వాళ్ళది, ఒకసారి వచ్చినోళ్ళ పేరు మళ్ళీ డబ్బాలో వెయ్యరు. కాగితాలన్నీ ఒకే సైజుండాలని పిన్ని స్కేలు పెట్టి చింపుతుంది, మడతలు కూడా తనే పెడుతుంది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. పక్కింటి పాప డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే మా మావయ్య అడ్డం పడ్డాడు. "అక్కా, ఇది జూదం. యేసు సిలువ కింద సైనికులు చేసిందిదే."

పిన్ని తలెత్తకుండానే "మరి యూదా బదులు పన్నెండో అపొస్తలుడిగా మత్తీయని ఎలా తీశార్రా?" అని డబ్బా పాప ముందుకి జరిపింది.

నాకు మాత్రం ఆ గొడవ బుర్రలోంచి పోలేదు. మన తెలుగు బైబిల్లో వాడిన మాటే చీట్లు కదా, అందుకే వినగానే మనకి చీటీల వ్యాపారం, లాటరీ అన్నీ గుర్తొచ్చేస్తాయి. (తమిళనాడులో లాటరీ 2003లోనే ఆపేశారు, అయినా ఆ భయం పోలేదు.) నా లెక్కలో జూదం అంటే నీ జేబులోది పోతే గానీ నా జేబులోకి రాకూడదు. బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ షిలోహులో చేసిందేంటి? ఇంకా భూమి రాని గోత్రాలు ఏడు మిగిలితే, గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషుల్ని పంపి, దేశమంతా తిరిగి ఏడు భాగాలుగా పుస్తకంలో రాయించుకొచ్చి, అప్పుడు చీట్లేశాడు. సర్వే ముందు, చీటీ తర్వాత. అందరికీ వచ్చింది, ఎవరికి ఏది అన్నదే చీటీ తేల్చింది. పిన్ని డబ్బా కూడా అంతే, కాకపోతే ముందొచ్చినోళ్ళకి వడ్డీ కలిసొస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే.

సైనికుల సంగతికొస్తే, కుట్టు లేని అంగీ చింపడం ఇష్టం లేక చీట్లేసుకున్నారని యోహాను రాశాడు. వాళ్ళు కూడా జేబులోంచి పైసా పెట్టలేదు. దాన్ని జూదం అంటే నాకు తక్కువ చేసినట్టే ఉంటది, పైన మనిషికి ఇంకా ఊపిరుండగానే కింద ఆయన బట్టలు పంచుకోవడం అది. అసలు పందెం కావాలంటే బైబిల్లోనే సమ్సోను దగ్గరుంది: పెళ్ళి విందులో పొడుపుకథ వేసి 30 నారబట్టలు, 30 జతల బట్టలు ఒడ్డాడు, ఓడిపోయాడు, అష్కెలోను పోయి 30 మందిని చంపి ఆ బట్టలు తెచ్చి బాకీ తీర్చాడు. మా మావయ్య ఆ అధ్యాయం ఎప్పుడూ ఎత్తడు, ఎత్తడు మరి, 2025 ఐపీఎల్ దాకా రాత్రి పూట ఫోన్లో టీమ్ పెట్టి డబ్బులు కట్టినోడు, అడిగితే "అది స్కిల్ రా" అనేవాడు, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ సెంట్రల్ గవర్నమెంట్ చట్టం తెచ్చాక గానీ ఆగలేదు.

మత్తీయ దగ్గర మనం సరిగ్గా చూడందొకటుంది. అక్కడ 120 మంది దాకా ఉన్నారు, అందరి పేర్లూ చీట్లలో వెయ్యలేదు. బాప్తిస్మమిచ్చే యోహాను నాటినుంచి తమతో తిరిగినోడే కావాలన్నారు, అలా బర్సబ్బా, మత్తీయ అని ఇద్దర్ని నిలబెట్టారు, ప్రార్థన చేశారు, అప్పుడు చీటీ. మన చెన్నైకి కాస్త దూరంలో ఉత్తరమేరూర్ గుడి గోడల మీద పదో శతాబ్దపు చోళుల శాసనం ఉంది చూడండి, అక్కడా ఇదే పద్ధతి. 35 నుంచి 70 ఏళ్ళ లోపు వయసు, సొంత భూమి, చదువు ఉండాలి, లెక్కలు చూపించనోడు పనికిరాడు, మిగిలినవాళ్ళ పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి చిన్న పిల్లాడితో తీయించేవాళ్ళు. మనుషులు చెయ్యాల్సిన పని మనుషులు చేశాకే కుండ దగ్గరికొచ్చారు.

మనం మాత్రం ఆ ముందు పని ఎగ్గొట్టి తిన్నగా కుండలో చెయ్యి పెడతాం. నాకు తెలిసిన ఒకబ్బాయి హోసూర్ ఉద్యోగమా, ఇక్కడే ఉండాలా అని రెండు చీటీలేసి తీశాడు, జీతం ఎంతో కూడా అడగలేదు. దీన్ని జూదం అంటే నేను కాదనను, డబ్బు లేకపోయినా.

ఇంకోటి, చర్చిలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి తలా ఒకటి తీసుకోమని బైబిల్ వాక్యాలు రాసిన వాగ్దానం కార్డుల పళ్ళెం తిప్పుతారు కదా. అది చీటీ కాక మరేంటి? జూదం అన్న మావయ్యే అందరికన్నా ముందు చెయ్యి పెడతాడు. మా అత్తయ్యకి పోయినసారి ఓర్పు గురించి ఏదో వాక్యం వస్తే మొహం మాడ్చుకుని తిరిగి పెట్టేసి ఇంకోటి తీసింది, అందులో ఆశీర్వాదం ఉంది, హాయిగా పర్సులో పెట్టుకుంది. ఆ రోజు చీటీ రాని బర్సబ్బా గారు ఇంకోసారి తీద్దాం అన్నట్టు ఎక్కడా రాయలేదు.

అత్తయ్యని అంటున్నా గానీ, పళ్ళెం నా దగ్గరికొచ్చినప్పుడు నేను తీసింది కూడా రెండో కార్డే.