ఎనిమిది మ్యాచ్‌ల ఓపిక

2024-25 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ సీజన్‌లో లండన్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్ తొలి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. ఇలాంటప్పుడు ముందుగా వేటు పడేది కోచ్ మీదే. కానీ యాజమాన్యం ఆస్ట్రియాకు చెందిన ఒలివర్ గ్లాస్నర్‌ను కదపలేదు. ఏడు నెలలు తిరక్కుండానే, 2025 మే 17న, అదే జట్టు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ గెలిచింది. 1905లో పుట్టిన క్లబ్బుకు అదే తొలి పెద్ద ట్రోఫీ.

ఇది ఒక్కసారి కలిసొచ్చిన అదృష్టం కాదు. 2021లో జర్మన్ క్లబ్బు ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కోచ్‌గా చేరినప్పుడూ గ్లాస్నర్‌ది తడబాటు ఆరంభమే. జర్మన్ కప్ తొలి రౌండ్‌లోనే మూడో డివిజన్ జట్టు చేతిలో ఓటమి. లీగ్‌లో ఆరు మ్యాచ్‌లు గడిచినా గెలుపు లేదు. ఏడో మ్యాచ్‌లో బయర్న్ మ్యూనిక్‌ను వాళ్ల మైదానంలోనే ఓడించారు. ఆ సీజన్ చివర బార్సిలోనాను దాని మైదానం క్యాంప్ నూలోనే 3-2తో ఓడించి, సెవిల్‌లో జరిగిన ఫైనల్లో రేంజర్స్‌పై పెనాల్టీల్లో నెగ్గి యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ ఎగరేసుకుపోయారు.

గ్లాస్నర్ ఆటగాడిగా పెద్ద స్టార్ కాదు. ఆస్ట్రియాలోని రీడ్ అనే చిన్న పట్టణపు జట్టుకే దాదాపు రెండు దశాబ్దాలు డిఫెండర్‌గా ఆడారు. ఆ జట్టుతో 1998, 2011లో ఆస్ట్రియా కప్ గెలిచారు. రెండో కప్ అందుకున్న కొద్ది నెలలకే తలకు దెబ్బ తగిలింది. మ్యాచ్ కోసం డెన్మార్క్ వెళ్లినప్పుడు పరిస్థితి విషమించి, పుర్రెలో గడ్డకట్టిన రక్తం తీయడానికి అక్కడే అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 36 ఏళ్ల వయసులో, తాను ఎంచుకోని రోజున, ఆట ఆగిపోయింది. ప్రాణం దక్కడమే గొప్ప.

ఆ తర్వాత సాల్జ్‌బర్గ్‌లో సహాయ కోచ్‌గా పని నేర్చుకున్నారు. ఏడాది రీడ్‌లో, నాలుగేళ్లు లింజ్ నగరపు క్లబ్బు లాస్క్‌లో కోచ్. రెండో డివిజన్‌లో ఉన్న లాస్క్‌ను 2019 నాటికి దేశంలో రెండో స్థానానికి చేర్చారు. ఆయన పద్ధతి రూపుదిద్దుకున్నది ఆ నాలుగేళ్లలోనే అని మా నమ్మకం. నాలుగు ఓటములకే కోచ్‌ను మార్చే క్లబ్బులు ముందుగా చూడాల్సింది ఈ కాలాన్నే.

వెంబ్లీ ఫైనల్ మళ్లీ చూడండి. బంతి ముప్పాతిక వంతు సమయం సిటీ దగ్గరే ఉంది. 16వ నిమిషంలో కుడివైపు నుంచి ప్యాలెస్ ఆటగాడు మున్యోజ్ పంపిన క్రాస్‌ను సహచరుడు ఎజె నేలకు తగలనీయకుండానే గోల్‌లోకి కొట్టాడు. సిటీ ఆటగాడు మర్మూష్ పెనాల్టీని ప్యాలెస్ గోల్‌కీపర్ హెండర్సన్ ఆపేశాడు. ఇక మిగిలిందంతా టెన్షనే. ప్యాలెస్ ఆటగాళ్లలో ఒక్కరూ తమ స్థానం వదల్లేదు.

మ్యాచ్ అయ్యాక గ్లాస్నర్ కప్ గురించి ఎక్కువ మాట్లాడలేదు. వేలమంది అభిమానులకు జీవితాంతం గుర్తుండే క్షణం ఇవ్వగలగడమే అసలు విజయమన్నారు. ఆ మాట అంటున్నప్పుడు స్టాండ్స్‌లో తాతలూ మనవలూ ఇంకా ఇళ్లకు కదల్లేదు.