త్రీ బార్ అల్లుడుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొత్త బూస్ట్ సెన్సార్ అల్లుడుగారికి, పాలకొల్లు నుంచి మామగారు వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఇంజన్ తప్ప.

పాత సెన్సార్‌ని సాగనంపానని నన్ను తిట్టని వాడు లేడండి. టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడిని కొలిచి ఈసీయూకి, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటరుకి, చెప్పడం ఆయన పని. పాపం ఆయన చూపు 2.5 బార్ల వరకే. బార్ అంటే ఒత్తిడికి కొలత లెండి. అందులో ఒక బార్ మన ఊరి గాలిదే. సముద్రం పక్కన కాబట్టి బండి ఆపేసి ఉన్నా అది ఉంటుంది. మిగిలింది ఒకటిన్నర. మా ట్యూనర్ బాబు రీమ్యాప్‌లో, అంటే ఈసీయూ లెక్కలు తిరగరాసి, బయటి గాలికి పైన 1.7 బూస్ట్ పెట్టాడు, మొత్తం 2.7. ఎందుకంటారా? నరసాపురం రోడ్డు మీద గేదెలు బెదరాలని.

ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి. గేజీ మీద అంకెలు అక్కడితో ఆపేసి ఉంటే, 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిననాడు కూడా "17.75, నిలకడగా ఉందండి" అనేవారు. పాతాయనా అంతే. 2.5 దగ్గర గుడ్లప్పగించి నిలబడితే, ఈసీయూ ఇంకా చాల్లేదనుకుని వేస్ట్‌గేట్, అదే టర్బోకి పోయే పొగని పక్కకి వదిలే తలుపు, బిగించి టర్బోని మరింత తోలింది.

అందుకే సంక్రాంతికి 3 బార్ల దాకా చూసే తమర్ని తెచ్చుకున్నాం. ఒక్క స్క్రూ, ఓ-రింగుకి బొట్టు ఆయిలు. పాత కనెక్టరే టక్కున పట్టేసింది. పిన్నులు కలిశాయి కదా, జాతకాలూ కలిసినట్టే అనుకున్నాం. తమరొచ్చిన సంగతి ఈసీయూకి మాత్రం ఎవరం చెప్పలేదు.

బండి స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్ చేసి ఫోన్లో గాలి ఒత్తిడి చూద్దును కదా, 1 ఉండాల్సింది 0.83! ఆయ్, కొబ్బరిచెట్టు కింద ఆపిన కారు తాను 1,600 మీటర్ల ఎత్తున, అరకు కన్నా పైన ఉన్నాననుకుంటోంది. తప్పు తమరిది కాదు. అదే ఒత్తిడికి తక్కువ వోల్టేజీ ఇవ్వడం త్రీ బార్ వారి వంశాచారం. దాన్ని ఈసీయూ పాత లెక్కలో చదువుకుంది.

అక్కడితో ఆగాలి. ఆగితే నేనెందుకవుతాను? కాలవగట్టు మీదకి తోలాను. లోపల 2.7 ఉంటే ఈసీయూకి కనిపించింది 2.25. పెట్రోలు ఆ లెక్కకే పోసింది, గాలి మాత్రం కొసరి కొసరి వడ్డించింది. గాలికి తగ్గ పెట్రోలు చాలక ఇంజన్లో రేకుడబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు ఒకటే చప్పుడు.

"అల్లుడుగారు పళ్లు కొరుకుతున్నారేంటండి?" అంది మా ఆవిడ.

మర్నాడు ట్యూనర్ బాబు లాప్‌టాప్ తగిలించి, ఈసీయూ వోల్టేజీని ఒత్తిడిగా మార్చుకునే లెక్కలో స్లోప్, ఆఫ్‌సెట్ అనే రెండు అంకెలు మార్చాడు. కీ ఆన్ చేస్తే 1.01. రెండంకెల పని! దానికి రెండు రోజులు బండి షెడ్డులో, నేను ఆటోలో.

ఇప్పుడంతా సుఖమే. రోజూ నరసాపురం దారిలో మన ముందు కొబ్బరికాయల ట్రాక్టరు. ఇటు కాలవ, అటు రొయ్యల చెరువు, పక్కకి తప్పుకునే చోటు లేదు. తమరు 0.4 చూపిస్తున్నారు, బయటి గాలిలో సగం కూడా లేదు. 3 బార్ల దాకా ఆనే కళ్లు కదా, ఆ ట్రాక్టరు నంబరు చదువుతూ కూర్చోండి. నాకైతే కంఠతా వచ్చేసింది.