చుక్కల మందు కంటితో ఆగదు

గ్లకోమాకు (నీటికాసులు, అంటే సాధారణంగా కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) వాడే చుక్కల మందు కంటి వరకే పనిచేస్తుందని మీరు ప్రచురించిన ఒక వ్యాసంలో రాశారు; ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. పాలకొల్లు దగ్గర ఉంటున్న మా నాన్నగారు 12 ఏళ్లుగా బీపీకి అటెనోలాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. నీటికాసులు బయటపడ్డాక కంటి డాక్టరుగారు టిమోలాల్ చుక్కలు రాశారు; వేరే ఏ మందులు వాడుతున్నారని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. మూడో వారంలో నాన్నగారు కాలువ గట్టు మీద నడుస్తూ కళ్లు తిరిగి, కొబ్బరిచెట్టు పట్టుకుని కూలబడిపోయారు. నాడి చూస్తే నిమిషానికి 44 ఉంది. చొక్కా జేబులోని మాత్రల అట్టనూ చుక్కల సీసానూ పక్కపక్కన పెట్టి చూశాకే ఫిజీషియన్‌గారికి విషయం అర్థమైంది.

రెండూ బీటా బ్లాకర్లే, అంటే గుండె వేగాన్ని తగ్గించే రకం మందులే. కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలాగా ముందు కాలేయం గుండా వెళ్లదు కాబట్టి, కొద్ది మోతాదైనా గుండె వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవారికైతే ప్రాణం మీదికే తేగలదు. పైగా బీటా బ్లాకర్ మాత్ర వాడేవారిలో కంటి ఒత్తిడి అప్పటికే కొంత తగ్గి ఉంటుంది గనుక ఈ చుక్కల వల్ల అదనంగా ఒరిగేదీ తక్కువే.

ఇప్పుడు నాన్నగారు టిమోలాల్‌కు బదులు, బీటా బ్లాకర్ కాని లాటనోప్రోస్ట్ చుక్కలు రాత్రిపూట ఒక్కసారి వేసుకుంటున్నారు. అటెనోలాల్‌ను హఠాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం కనుక దానిని మాన్పించలేదు. టిమోలాల్ తప్పనిసరైనవారు చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచాలి. వ్యాసంలోని ఆ వాక్యాన్ని దయచేసి సవరించండి.