పాసు లేనిదే పాట వినరాదు

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళకి సంగీతమంటే ఎంత భక్తి అంటే, దానికి డబ్బు మైల అంటనివ్వరు.

మొన్న ఇందిరానగర్‌లో బ్యాండ్ల పాటలు ఆల్బమ్‌లుగా తెచ్చే ఒక చిన్న ఇండిపెండెంట్ రికార్డ్ లేబుల్ తన వార్షికోత్సవానికి డాబా మీద కచేరీ పెట్టింది. సినిమాతో సంబంధం లేని పాటలు, సొంతంగా రాసుకుని వాయించే లోకల్ బ్యాండ్లు. టికెట్టు 499. ఐదొందలు దాటితే 18 శాతం జీఎస్టీ, ఆ భారం మన నెత్తిన పడకూడదని పాపం వాళ్ళు గీత ఇవతలే ఆగారు. మనవాళ్ళూ అంతే మర్యాదగా గేటు ఇవతలే ఆగారు, పాసు కోసం.

తెలుగువాడు టికెట్టు కొన్నాడంటే వాడికి ఊళ్ళో ఎవరూ తెలియరని అర్థం. అంతకు మించిన పరువు తక్కువ లేదు. అందుకే పోస్టరు కనపడగానే ఏ బ్యాండు వాయిస్తోందని చూడం, అందులో మనవైపు వాళ్ళు ఎవరున్నారని చూస్తాం. డ్రమ్మర్‌ది అనంతపురం అని తేలిందా, ఇక వాడి పని అయిపోయినట్టే. ఇంటర్‌లో పక్క బెంచీవాడు, చిన్నాన్న తోడల్లుడి కొడుకు, పాత పీజీ రూమ్మేటు, ఆ రూమ్మేటు మేనేజరు, అందరికీ ఒకేసారి వాడి మీద ప్రేమ పొంగుకొస్తుంది. 2011లో ప్యాలెస్ గ్రౌండ్స్‌కి అమెరికా రాక్ బ్యాండు మెటాలికా వచ్చినప్పుడు ఈ సౌకర్యం లేకపోయింది. వాళ్ళ డ్రమ్మర్‌ది డెన్మార్క్. టికెట్టు కొనక తప్పలేదు.

సరే, గేటు దగ్గర లిస్టు పట్టుకుని నిలబడ్డ కుర్రాడిది హిందూపురం. మారతహళ్లి నుంచి నలుగురు పెద్దమనుషులు క్యాబు దిగారు.

"పేరు చెప్పండన్నా."

"పేరెందుకు తమ్ముడూ, మేం బేస్ గిటార్ తాలూకు."

"పోనీ ఆయన పేరు చెప్పండి."

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. "గడ్డం ఉంటుంది చూడు, ఆయన."

ఆ రాత్రి డాబా మీద గడ్డం లేనిది పాట పాడే అమ్మాయికీ, స్పీకర్లకీ మాత్రమే. అయినా కుర్రాడు ఓపిగ్గా లిస్టు తిరగేశాడు. ఊళ్ళో బ్యాండ్లకి ఇంతమంది ఆత్మీయులున్నారని ఆ లిస్టు చూస్తే గానీ తెలియదు. వీళ్ళ పేర్లు మాత్రం లేవు.

ఒకాయన డ్రమ్మర్‌కి ఫోన్ కొట్టాడు. డ్రమ్మర్ అప్పుడు స్టేజీ మీద, పాట మధ్యలో, రెండు చేతులకీ రెండు కాళ్ళకీ తీరిక లేకుండా ఉన్నాడు. ఆ వాయింపు వీధిలోకి వినపడుతూనే ఉంది. "ఎత్తట్లేదు. పేరొచ్చాక పొగరెక్కింది," అని మళ్ళీ కొట్టాడు. పాట అయ్యాక పాపం ఎత్తాడు. "అన్నా, నాకిచ్చినవి రెండే పాసులు, అమ్మానాన్నలకి ఇచ్చేశాను."

"మంచి పని చేశావు. పెద్దవాళ్ళు ఈ గోలలో ఎంతసేపు కూర్చుంటారు గానీ, వాళ్ళు లేవగానే కిందికి పంపించు."

మారతహళ్లి నుంచి క్యాబుకి అయింది టికెట్టు కంటే ఎక్కువే. అభిమాన హీరో సినిమా పడితే ఇదే పెద్దమనిషి తెల్లవారుజాము షోకి అడిగినంతా పోస్తాడు, పాలాభిషేకానికి చందా కూడా వేస్తాడు. హీరోకి ఫోన్ చేసి వాళ్ళమ్మ లేచిందా అని అడగడు.

నలుగురు కొనకపోతే లేబులేం మునిగిపోతుందిలే అంటారు. మునుగుతుంది. ఈ ఇందిరానగర్‌లోనే హమ్మింగ్ ట్రీ అనే చోట ఇలాంటి బ్యాండ్లు ఏళ్ళ తరబడి వాయించాయి. 2019లో మూతపడింది. అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, లైసెన్సు లేనిదే లైవ్ మ్యూజిక్ కుదరదని పోలీసులు బార్ల మీద, రెస్టారెంట్ల మీద పడ్డారు. చాలాచోట్ల వాయించడమే మానేశారు. ఆన్‌లైన్‌లో సంపాదించుకోవచ్చుగా అంటారా? ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వినకపోతే ఆ పాటకి స్పాటిఫై 2024 నుంచి పైసా ఇవ్వడం లేదు. ఇక మిగిలింది ఈ గేటే. సౌండు అద్దె, లైట్ల అద్దె, వచ్చే ఆల్బమ్‌కి స్టూడియో ఖర్చు, అన్నీ ఇక్కడే రావాలి. బ్యాండ్లు ప్రాక్టీసు చేసుకునే జామ్ రూమ్ వాడు గంటకింత అని వసూలు చేస్తాడు, నువ్వెవరి తాలూకు అని అడగడు. పగలంతా ఆఫీసులో చాకిరీ చేసి, రాత్రిళ్ళు అక్కడ చెమటలు కక్కి ఆ పిల్లలు పాట కడితే, ఉత్తినే వినడానికి నువ్వెవడివయ్యా? సిగ్గుండక్కర్లా? లోపల బీరుకి బిల్లు చేతిలో పెడితే కిక్కురుమనకుండా కార్డు తీస్తావే, ఆ బీరేమన్నా పాడిందా?

తొమ్మిదిన్నర దాటాక కుర్రాడు విసిగిపోయి నలుగురినీ వదిలేశాడు. వాళ్ళు స్టేజీకి వీపు పెట్టి నిలబడి, సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్ల రేట్ల గురించి గట్టిగా మాట్లాడుకున్నారు. పాట అడ్డమొస్తోంది కదా, గట్టిగానే మాట్లాడాలి. ఆరుబయట స్పీకర్లు రాత్రి పదికి ఆపాలన్నది రూలు. పది కాగానే సౌండాయన ఆపేశాడు.

మెట్లు దిగుతూ పెద్దమనిషి కుర్రాడి భుజం తట్టాడు. "ఏం బాలేదు తమ్ముడూ. మూడు పాటలకే ముగించేశారు. డబ్బులు దండగ."