టానీ గ్రే-థాంప్సన్: 11 స్వర్ణాల కంటే అట్లాంటా రజతాలే ఎక్కువ చెబుతాయి

వేల్స్ వీల్‌చైర్ రేసర్ టానీ గ్రే-థాంప్సన్ పేరెత్తగానే 16 పారాలింపిక్ పతకాలు, అందులో 11 స్వర్ణాలు అని లెక్క చెప్పేస్తారు. లెక్క నిజమే. కానీ 100 మీటర్లలో స్వర్ణాలు గెలిచిన మనిషే లండన్ మారథాన్‌ను 6 సార్లు ఎలా గెలిచింది? బోల్ట్ మారథాన్ గెలిచాడంటే నమ్ముతామా?

గుట్టు సగం కుర్చీలోనే ఉంది. దానికి మూడు చక్రాలు. వెనకవి టైరుతో కలిపి 70 సెం.మీ. వ్యాసం మించకూడదు. గేర్లకూ లీవర్లకూ అనుమతి లేదు. చక్రానికి బిగించిన చిన్న వలయాన్ని (పుష్ రిమ్) పట్టుకుని తిప్పరు, గ్లోవ్స్ తొడిగిన చేతులతో గుద్దుతారు. ఒకసారి ఊపందుకుంటే చక్రం ఆ వేగాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. కాళ్లతో పరిగెత్తేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. నిలబడి ఉన్న కుర్చీని కదిలించడమే అసలు కష్టం. టానీది టీ53 విభాగం: చేతుల్లో పూర్తి బలం ఉన్నా మొండెం సహకరించదు, ఒళ్లు ముందుకు విసిరి స్టార్ట్ తీసుకోవడం కుదరదు. (మన వరంగల్ పారా అథ్లెట్ దీప్తి పరిగెత్తే టీ20 విభాగం వేరు, అది మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది.)

800 మీటర్ల కథ వేరు. మొదటి మలుపు దాటాక లేన్లు ఉండవు. ముందు కుర్చీ చాటున చేరితే గాలి తాకిడి తగ్గుతుంది, కానీ లోపలి అంచున ఇరుక్కుంటే పక్కకు తప్పుకునే చోటుండదు. పొడవాటి కుర్చీ కదా!

1992 బార్సిలోనాలో 100, 200, 400, 800 నాలుగూ ఆమెవే. వీల్‌చైర్‌లో 400 మీటర్లను నిమిషంలోపు ముగించిన తొలి మహిళ కూడా అక్కడే అయింది. 1996 అట్లాంటాలో మాత్రం అమెరికా టీనేజర్ లియాన్ షానన్ పొట్టి రేసులు మూడూ ఎగరేసుకుపోయింది. టానీకి మూడు రజతాలు, 800లో మాత్రం స్వర్ణం. వీల్‌చైర్ రేసుల్లో పోటీయే ఉండదని తేల్చేసేవాళ్లు ముందు ఈ ఫలితాలు చూడాలి.

2000 సిడ్నీలో నాలుగూ మళ్లీ గెలిచింది. ఆ ఏడాది బీబీసీ క్రీడా పురస్కారాల్లో మూడో స్థానమిచ్చారు గానీ, వేదికకు ర్యాంపు పెట్టలేదు!

2004 ఏథెన్స్ నాటికి లెక్క తిరగబడింది. 35 ఏళ్ల వయసులో, తన కంచుకోట అనుకున్న 800లో పతకమే రాలేదు. అట్లాంటాలో చేజారిన 100, 400 మీటర్లలో మాత్రం స్వర్ణాలు. వయసు మీద పడితే ముందు స్ప్రింట్ పోతుందన్న సూత్రం ఆమె విషయంలో పనిచేయలేదు.