షోకేస్ బొమ్మలు కావండీ, తాగడానికి వాడిన పాత్రలే
మధ్య అమెరికాలో పాతకాలపు మాయా నాగరికత వాళ్ళ రంగుల పాత్రలు ఉత్త అలంకారానికే అని కొందరు అనుకుంటారు, కానీ చాలావాటికి అంచు చుట్టూ ఉండే రాతే 'ఇది ఫలానా ఆయన కకావ్ (కోకో గింజలతో చేసే చాక్లెట్ పానీయం) తాగే పాత్ర' అని, మనోళ్ళు స్టీలు గ్లాసు మీద పేరు కొట్టించుకున్నట్టే. గ్వాటెమాలాలో రియో అజుల్ సమాధిలో దొరికిన, మూత తిప్పి బిగించే జాడీ మీద కూడా కకావ్ అనే ఉంది, ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే చాక్లెట్ ఆనవాళ్ళే తేలాయి. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్న మాయా పాత్ర ఫొటో జూమ్ చేసి చూడండి, ఒకావిడ నిలబడి నురగ రావడానికి పైనుంచి కింది పాత్రలోకి ధారగా పోస్తుంటుంది, సింహాసనం కింద ఓ కుందేలు కూర్చుని పుస్తకంలో ఏదో రాసేస్తుంటుంది, నాకైతే ఆ కుందేలే హీరో. ఈ పాత్రంతా కుమ్మరి సారె లేకుండా, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) లేకుండా, చేత్తో చేసి పల్చటి రంగు మట్టితో గీసిందే, అదీ 1,300 ఏళ్ళ కిందట.