ఫెర్న్‌కి నీడ ఒక్కటే చాలదు, మట్టి మార్చాలి

“ఫెర్న్‌కి నీడ ఉంటే చాలు, ఏ మట్టైనా ఫర్వాలేదు. రేగడిలో కాస్త ఇసుక, పచ్చిపేడ, వాడేసిన టీపొడి కలిపి రోజూ నీళ్లు పోయండి.” ఈకల్లాంటి ఆకులుండే ఫెర్న్ మొక్క గురించి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. గుంటూరు, విజయవాడ పెరళ్లలో దీన్ని నమ్మితే మొక్క వేరుకుళ్లు పట్టి పోతుంది.

“ఏ మట్టైనా ఫర్వాలేదు.” ఫెర్న్ వేళ్లు దారాల్లా సన్నగా ఉంటాయి, ఎక్కువగా పై ఆరంగుళాల్లోనే అల్లుకుంటాయి. నల్లరేగడి వానకి ఉబ్బితే వాటికి గాలి అందదు. ఎండాకాలంలో నెర్రెలిస్తే ఆ వేళ్లే తెగుతాయి. చెట్టు నీడ ఈ రెంటినీ ఆపలేదు.

“కాస్త ఇసుక కలిపితే సరి.” అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఈ మాటే. జిగటమట్టిలో కొద్దిపాటి ఇసుక పడితే ఎండినప్పుడు మరింత గట్టిపడుతుంది. గుణం మారాలంటే సగానికి పైగా ఇసుకే ఉండాలి, అంత పోసే బదులు మడినే ఎత్తుగా కట్టుకోవచ్చు. రేగడిలో గొయ్యి తీసి మంచి మట్టి నింపినా లాభం లేదు, వాననీరంతా ఆ గోతిలోకే చేరుతుంది. నేలమీదే ఇటుకలు పేర్చి ఆరంగుళాల ఎత్తు మడి కట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన ఆకులు రెండు, కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒకటి, చిన్న ఇటుక ముక్కలు ఒకటి. పది చదరపు అడుగులకు సుమారు 140 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు ఏడు. తర్వాత కుంగుతుంది కాబట్టి ఎనిమిదో బకెట్ కూడా కలిపి ఉంచుకోండి. తడిపిన మిశ్రమాన్ని పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నీరు కారితే తడి ఎక్కువైనట్టు. నాటేటప్పుడు దుంపమొదలు, అంటే ఆకులు పుట్టుకొచ్చే చోటు, మట్టిలో పూడ్చకండి, కుళ్లుతుంది.

“పచ్చిపేడ బలం.” అది మాగేటప్పుడు పుట్టే వేడి, ఘాటు లేత వేళ్లను మాడుస్తాయి. మాగిన ఎరువు మొక్కకు రెండు గుప్పిళ్లు చాలు.

“టీపొడితో మట్టి పులుస్తుంది.” కాచి వడకట్టాక అందులో మిగిలే పులుపు, అంటే ఆమ్లగుణం, స్వల్పం. సున్నపు గులకలున్న రేగడిని అది మార్చలేదు. పైగా ఫెర్న్‌లన్నిటికీ పులుపునేల అక్కర్లేదు, పాత గోడల సున్నపు పగుళ్లలో తమంతట తామే మొలిచే రకాలూ ఉన్నాయి. పాలు, పంచదార అంటిన టీపొడి వేస్తే చీమలు పట్టడం ఖాయం.

“రోజూ నీళ్లు పోయండి.” మే నెల వడగాలికి రోజూ కావాలి, ముసురులో అక్కర్లేదు. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే పోయండి. ఉప్పు బోరునీళ్లు వాడే ఇళ్లలో మట్టిపై తెల్లటి పొర తేలుతుంది, ఆకుల కొనలు గోధుమరంగులో మాడతాయి. చాలామంది దాన్ని నీటికొరత అనుకుని అదే నీరు ఇంకా పోస్తారు. పొరను గీకేసి, వాననీళ్లో కుళాయినీళ్లో మడి అడుగుదాకా దిగేలా నెలకోసారి పారించండి.